మూడో ప్రకటనకు మోటారు సైకిలు మీద

పై గేరు నేను మొట్టమొదట వేసింది 1961 డిసెంబరు రెండో ఆదివారం తెల్లవారుజామున, నెల్లూరు నుంచి ఇందుకూరుపేట వెళ్ళే రోడ్డు మీద. వెనక సీటు మీద మా నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. వచ్చే గురువారం నా పెళ్ళి.

నెల్లూరులో చలేమిటని నవ్వేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు వానలు వెలిసిన మర్నాడు, ఇంకా తెల్లవారకముందు, నీళ్ళు నిలిచిన వరిపొలాల మధ్య నుంచి మోటారు సైకిలు మీద పోయి చూడాలి. నిలబడితే హాయిగా ఉండే గాలే, ముప్పై మైళ్ళ వేగంతో ఎదురుపోతే మొహాన్ని కొబ్బరి కోరాంతో గీరినట్టు ఉంటుంది. కళ్ళల్లోంచి కారే నీళ్ళు చెంపల మీదికి రావు, చెవుల వైపు పోతాయి. ఆ సంగతి అంతకుముందు నాకూ తెలియదు.

మా నాయన పాస్టరు. నెల్లూరులో ఒక గుడి, చుట్టుపక్కల పల్లెల్లో ఏడు చిన్న గుడులు ఆయన చూసుకునేవాడు. ఆయన లేని రోజుల్లో ప్రార్థన నడపడానికి ప్రతి పల్లెలోనూ ఒక ఉపదేశి ఉండేవాడు. 1958లో ఒక మిషనరీ దొర తన దేశానికి వెళ్ళిపోతూ తన మోటారు సైకిలును నాయనకు ఇచ్చి వెళ్ళాడు. యుద్ధకాలం నాటి ఇంగ్లీషు బండి. ఎండాకాలంలో ఒక్క తన్నుకు లేచేది. నవంబరు దాటిందంటే మొండికేసేది. చలికి నూనె చిక్కబడేది, ప్లగ్గు చెమ్మగిల్లేది. హ్యాండిలు మీద స్పార్కును వెనక్కి లాగే చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని లాగకుండా కిక్కరు తొక్కితే బండి తిరగబడి తంతుంది. మొదటి చలికాలంలోనే అది నాయన మోకాలిని తన్నింది. ఆ మోకాలు మళ్ళీ మునుపటిలా కాలేదు.

అప్పటి నుంచి చలికాలంలో బండిని లేపే పని నాకు వచ్చింది. టీచరు ట్రైనింగులో ఉన్న రోజులు. తెల్లవారుజామున ప్లగ్గు ఊడదీసి వంటింట్లోకి తెచ్చేదాన్ని. కుంపటి మీద ఒక పక్క అమ్మ కాఫీ గిన్నె, ఒక పక్క పట్టకారుతో పట్టుకున్న నా ప్లగ్గు. కాగిన ప్లగ్గును గుడ్డలో చుట్టుకుని పరుగెత్తి బిగించాలి, కార్బొరేటరు మీది బొత్తాన్ని పెట్రోలు వేళ్ళ మీదికి పొంగేదాకా నొక్కాలి, మీట వెనక్కి లాగాలి, అప్పుడు తన్నాలి. ప్లగ్గు చల్లారేలోపు ఇదంతా అయిపోవాలి. ఇంజను అందుకుని గుడుగుడుమన్న క్షణాన నా వొళ్ళంతా ఒక సంతోషం పాకేది. ఆ సంతోషం పరీక్ష పాసైనప్పుడు కూడా నాకు కలగలేదు.

నడపడం నాకు ఎవరూ నేర్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. సాయంత్రాలు మిషను ఆవరణలో చుట్టూ తిప్పేదాన్ని. నాయన అరుగు మీద స్పానర్లు తుడుచుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు, "క్లచ్చి ఒక్కసారిగా వదిలితే ఆగిపోతాది" అనేవాడు. ఆవరణ పొడవు నూటపది గజాలు. రెండో గేరు పడేసరికి గోడ వచ్చేది. మూడు, నాలుగు గేర్లు ఎట్లా ఉంటాయో ఊహించుకోవడమే.

ఇక ప్రకటనల సంగతి చెప్పాలి. మా సంఘాల్లో పెళ్ళికి ముందు వరుసగా మూడు ఆదివారాలు, అబ్బాయి గుడిలోనూ అమ్మాయి గుడిలోనూ, పాస్టరు స్వయంగా నిలబడి ఫలానావారికి ఫలానావారికి పెళ్ళి జరగబోతోంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని అడగాలి. ఒక ఆదివారం తప్పితే మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే అది తేలేదాకా పెళ్ళి ఆగాలి. రెండు గుడుల్లోనూ రెండేసి ప్రకటనలు అయిపోయాయి. మిగిలింది మూడోది.

పెళ్ళికొడుకుది సముద్రపు ఒడ్డు పల్లె. ఇందుకూరుపేట దాటి, ఉప్పు పడవలు నడిచే కాలువకు అవతల. అస్సాంలో టీ తోటల ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉండేవాడు. సెలవు ఆ వచ్చే శనివారంతో సరి, ఆ రోజు కలకత్తా బండి ఎక్కాల్సిందే. మళ్ళీ సెలవు దొరికేది ఏడాదిన్నరకు. అప్పటికి అతని వాళ్ళు, మా వాళ్ళు ఏమనుకుంటారో, ఎవరి మనసు ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? నాకు మాత్రం అతను నచ్చాడు. ఎందుకో చెప్పగలను. పెళ్ళిచూపుల నాడు అందరూ నా చదువు గురించి అడిగారు. అతను నా గోళ్ళలోని నల్లటి మసి చూసి, "ఏం బండి?" అని అడిగాడు.

శనివారం సాయంత్రం, వానకు పాచిపట్టిన మెట్టు మీద నాయన కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో చెక్కలు పెట్టి కట్టు కట్టి పంపారు. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఆ పల్లెలో ఆరాధన ఏడు గంటలకు. అక్కడ ప్రకటన చదివి, పదింటికల్లా నెల్లూరు గుడికి తిరిగొచ్చి ఇక్కడా చదవాలి. మొదటి బస్సు బయల్దేరేటప్పటికే ఏడవుతుంది. కాలువ మీది బల్లకట్టు కారును మోయదు. ఊళ్ళో ఆ బండి నడపగలిగిన ఒకే ఒక్క మెకానిక్కు అత్తగారి ఊరికి పోయి ఉన్నాడు.

అమ్మ అంది, "ఆ ఊళ్ళో ఉపదేశి ఉండాడు గదా. ఒక్కసారికి ఆయన్ని చదవమని కబురంపితే ఏం పోయింది?"

"పోయినేడు ఆ ఊరి రైతు కూతురి పెళ్ళికి వరదొచ్చి నేను పోలేకపోతే ఉపదేశి చదువుతానన్నాడు. కుదరదంటిని. మళ్ళీ మూడు వారాలు చదివి, నెల తర్వాత చేస్తిని ఆ పెళ్ళి. ఊళ్ళోవాళ్ళ బిడ్డకి ఒప్పుకోనిది నా బిడ్డకి ఎట్టా ఒప్పుకుంటా?"

"అయితే పెళ్ళి పోగొట్టుకుంటారా?"

జవాబు నేను చెప్పాను. "బండి నేను తోలతా."

"పెండ్లికూతురు బండి తోలుకుంటా అత్తగారి ఊరికి పోతాదా? ఎవరన్నా చూస్తే నవ్వరూ?" అంది అమ్మ.

"నవ్వితే నవ్వనీ," అన్నాడు నాయన. నా వైపు చూడకుండానే, "మూడో గేరు ఎట్టా పడతాదో చెబుతా. రా," అన్నాడు.

చీరతో బండి నడపడం ఎట్లాగన్నది అమ్మే తేల్చింది. చేపలమ్ముకునే ఆడవాళ్ళు కట్టినట్టు కాళ్ళ మధ్య నుంచి కుచ్చెళ్ళు వెనక్కి లాగి గట్టిగా దోపింది. జాకెట్టు లోపల, ముందూ వెనకా, మడతపెట్టిన పాత దినపత్రికలు దూర్చింది. చెవుల్లో దూది, మొహానికి నువ్వుల నూనె, పైన నాయన పాత ఉన్నికోటు. కోటు చేతులు నా వేళ్ళు దాటి వేలాడుతుంటే రెండు మడతలు పైకి మడిచింది. అంతా అయ్యాక నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "పరిశుద్ధ వివాహానికి పోతున్నట్టే ఉండావు," అంది.

బండి నా పరువు నిలబెట్టలేదు. కాచిన ప్లగ్గుతో తన్నాను, లేవలేదు. మళ్ళీ ఊడదీసి, మళ్ళీ కాచి తన్నాను. దగ్గింది, ఆగింది. మూడోసారికి కుంపట్లో కొత్త బొగ్గులు వేసి అమ్మే విసనకర్రతో విసిరింది. ఈసారి అందుకుంది. మేం రోడ్డెక్కేసరికి తూర్పున ఇంకా తెల్లబడలేదు.

ఊరు దాటి గోడ లేని రోడ్డు మొదలయ్యాక రెండో గేరులో ఇంజను అరుస్తోంది. నాయన వెనక నుంచి, "వెయ్యి!" అన్నాడు. మూడో గేరు వేశాను. అరుపు కాస్త తగ్గింది. కొంచెం దూరం పోయాక, "ఇంకోటుంది, వెయ్యి!" అన్నాడు. వేశాను. ఒక్కసారిగా బండి గొంతు మారిపోయింది. అంతసేపూ నాతో గొడవపడుతున్నది నా మాట వినడం మొదలుపెట్టింది. రోడ్డు బండి కిందికి పరుగెత్తి వస్తోంది. "హో!" అని నేను గట్టిగా అరిచాను. నాయన ఏదో పెద్దగా చెబుతున్నాడు. జాగ్రత్తలనుకున్నాను. తరువాత తెలిసింది, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడని.

మంచు పొలాల మీద మనిషి ఎత్తున నిలబడి ఉంది. మా బండి దీపం మంచు మీద పడి పాలలా తెల్లబడి నిలిచిపోయేది. రోడ్డు అంచున సున్నం వేసిన రాళ్ళను చూసుకుంటూ నడిపాను. ఎద్దుబండ్ల అడుగున వేలాడే లాంతర్లు ఉన్నట్టుండి ఎదురొచ్చేవి. ఒక్కో లాంతరుకూ నాయన నా భుజం మీద ఒక దెబ్బ వేసేవాడు, నాకు కనబడలేదేమో అని. మొదట్లో ఏదీ తెలియలేదు. తరువాత చలి వేళ్ళ కొసల నుంచి మొదలై పైకెక్కింది. ముందు మంట, తరువాత నొప్పి, ఆ తరువాత ఏమీ లేదు. క్లచ్చి లాగబోతే వేళ్ళు వంగలేదు. చెయ్యి నాదో కాదో తెలియలేదు.

ఇందుకూరుపేట ఇవతల రోడ్డు పక్కన మంట కనిపించింది. సరుగుడు కట్టెల బండ్లవాళ్ళు ఎద్దులు విప్పి చలి కాచుకుంటున్నారు. క్లచ్చిని మొత్తం అరచేత్తో నొక్కి, బండి ఆపాను. ఇంజను మాత్రం ఆపలేదు.

"ఎవురబ్బా అది, పోలీసోళ్ళా?" అన్నాడొకడు.

"పోలీసు యాడుండాడు? ఆడబిడ్డరా!" అన్నాడు ఇంకొకడు. "ఏం పాపా, ఎనకాల కూసున్నాయన ఎవురు?"

"మా నాయన."

"ఆయనకి తోలను రాదా?"

"చెయ్యి విరిగిందయ్యా," అన్నాడు నాయన.

"యాడికి, ఇంత పొద్దున్నే?"

నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "నా పెళ్ళి ప్రకటనకి," అన్నాను.

వాళ్ళల్లో పెద్దవాడు మంట మీద ఇంకో కట్టె విసిరి గట్టిగా నవ్వాడు. "పెండ్లికొడుకుని ఎత్తకపోను పెండ్లికూతురే వచ్చిందంట! సూడండ్రా, మీ పెండ్లాలు మిమ్మల్ని ఈ మాదిరి ఎప్పుడన్నా ఎతుక్కుంటా వచ్చినారా?"

"నా పెండ్లాం వస్తాది, కల్లుపాక కాడికి," అన్నాడు మొదటివాడు.

వాళ్ళు జరిగి నాకు చోటిచ్చారు. వేళ్ళలోకి నెత్తురు తిరిగి రావడం చలికన్నా ఎక్కువ నొప్పి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వు కూడా వస్తోంది. పెద్దాయన, "పో తల్లీ, మళ్ళా పెండ్లికొడుకు లేసిపోగలడు," అని పంపించాడు.

కాలువ గట్టుకు చేరేసరికి తెల్లవారింది. నెల్లూరు నుంచి ఆ పల్లెకు పదహారు మైళ్ళని మావాళ్ళంటారు. పదిహేనున్నరే. మైలురాళ్ళు నేను చూసుకుంటూ పోయాను. రేవు దగ్గరికి పదమూడున్నర. మిగిలింది రెండు మైళ్ళ ఇసుకదారి.

బల్లకట్టు నడిపే అతను నాయనను గుర్తుపట్టి వందనం పెట్టాడు. బండిని చూసి మాత్రం మొహం చిట్లించాడు. "ఇంజను ఆర్పితేనే ఎక్కించేది అయ్యగారూ. నిప్పు రాలితే నా బల్లకట్టు కాలిపోతాది."

ఆర్పాను. బండిని ఎక్కించుకున్నాక చూస్తే, ఉప్పు పడవలు వరుసగా వస్తున్నాయి. అవి పోయేదాకా తాడు లాగడానికి లేదు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నీళ్ళ మీద నుంచి ఆవిరిలా మంచు లేస్తోంది. గాలి సూటిగా కాలువ వెంట వస్తోంది. నేను చెయ్యి పెట్టి చూశాను, ఇంజను చల్లబడుతోంది. అవతలి గట్టున కుంపటి లేదు, ప్లగ్గు కాచే దిక్కు లేదు. ఇక్కడ అది మొండికేస్తే ఆరాధన అయిపోతుంది.

కోటు విప్పి ఇంజను మీద కప్పాను.

"మరి నీ సంగతో?" అన్నాడు నాయన.

"నేను ఎప్పుడైనా లేస్తా. ఇది లేవదు."

చలి ఎంత పిచ్చిపని చేయిస్తుందో చూడండి. మూడేళ్ళుగా ఆ బండితో కాపురం చేసినదాన్ని, పొగగొట్టం వేడి సంగతి మరిచిపోయాను. బల్లకట్టు సగం దూరం పోయాక ఉన్ని కాలే కంపు కొట్టింది. నేను చెయ్యి చాపేలోపే బల్లకట్టు అతను, "నిప్పు! నిప్పు!" అని అరుస్తూ కోటును లాగి కాలువలో ముంచేశాడు. బయటికి తీసినప్పుడు అది చచ్చిన గొర్రెలా వేలాడింది. నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇంజను?" అన్నాడు.

తాకి చూశాను. వెచ్చగానే ఉంది. గట్టెక్కాక ఒక్క తన్నుకు లేచింది.

ఆ రెండు మైళ్ళు చీర, జాకెట్టు, దినపత్రికలతో నడిపాను. ఇసుక మీద బండ్లు దిగబడకుండా పల్లెవాళ్ళు సరుగుడు ఆకు పరిచి ఉంచుతారు. వానకు అది తడిసి జారుతోంది. రెండో గేరు, రెండు కాళ్ళూ నేలకు తాకించుకుంటూ, పాములా అటూ ఇటూ ఊగుతూ పోయాను. ఒక చెప్పు ఇసుకలో పోయింది. ఆగలేదు. సముద్రపు గాలి దినపత్రికల మధ్య దూరి టపటపలాడిస్తోంది. అప్పుడు నాకు భయమేమీ లేదు. గుడి గంట వినపడుతోంది, పాట వినపడుతోంది, పాట ఇంకా అయిపోలేదు. అంతే.

పాట రెండోసారి పాడుతున్నారని తరువాత తెలిసింది. మా బండి చప్పుడు దూరం నుంచే విని ఉపదేశి మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నాడట.

నాయన నేరుగా ముందుకు వెళ్ళాడు. నేను ఆడవాళ్ళ వైపు చివర చాప మీద కూర్చున్నాను. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. మగవాళ్ళ వైపు మూడో వరుసలో అతను ఉన్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు, మూయలేదు. నా దవడ నా వశంలో లేదు. మోకాళ్ళు చేతులతో పట్టుకున్నా చేతులూ మోకాళ్ళూ కలిసి వణుకుతున్నాయి.

నాయన ఎడమచేత్తో బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "ఈ సంఘపు చిన్నవానికి, నా కుమార్తెకు పరిశుద్ధ వివాహం నిశ్చయించబడింది. ఇది మూడవ ప్రకటన. అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడు చెప్పవలెను."

మామూలుగా అక్కడ ఒక నిమిషం ఆగుతారు. ఆ నిమిషంలో ఎవరో ఒకరు దగ్గుతారు, ఒక బిడ్డ ఏడుస్తుంది, అయిపోతుంది. ఆ రోజు ఆడవాళ్ళ ముందు వరుసలో ఒక ముసలామె నేల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. పెళ్ళికొడుకు నాయనమ్మ. నిశ్చితార్థం నాడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి.

"ఉంది అయ్యగారూ," అంది.

అతను సగం లేచాడు, పక్కనున్న వాళ్ళ నాయన చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. "అవ్వా, కూసో," అన్నారెవరో.

"కూసోను. అడిగింది అయ్యగారే గదా. పోయిన రెండు వారాలు అడిగినాడు, అప్పుడు లేదు. ఇప్పుడుండాది."

నాయన మొహం సున్నం కొట్టినట్టు అయింది. "కారణం చెప్పమ్మా," అన్నాడు.

"ఆ బిడ్డ కొయ్యబారిపోతా ఉంది. తడిసిన కోడిపిల్ల మాదిరి వణకతా ఉంది. మీరేమో సదవతా ఉండారు, వీళ్ళేమో ఇంటా ఉండారు. నా మనవడికి పాణంతో ఉండే పెండ్లాం కావాల. ముందు దానికి ఏదన్నా కప్పండి, తర్వాత అడగండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు గుడంతా పాకబోయింది. అంతలో మగవాళ్ళ వైపు ఒక రైతు లేచాడు. ఎవరి కూతురి పెళ్ళి నాయన నెల రోజులు ఆపాడో, ఆ రైతు.

"నవ్వేదేం లేదు," అన్నాడు. "అయ్యగారూ, అభ్యంతరం అంటే అభ్యంతరమే. మా బిడ్డ పెండ్లికి వరదను కూడా మీరు లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు మీ బిడ్డయ్యేసరికి ముసలామె మాట గాలి మాటా?"

నవ్వు ఆగిపోయింది. నాయన తలవంచుకుని ఆలోచించాడు. నాకు తెలుసు, ఆయన తప్పించుకునే దారి వెతకడం లేదు. సరైన దారి ఏదో వెతుకుతున్నాడు. అదే నాకు భయం.

"నువ్వన్నది నిజం," అన్నాడు చివరికి. "అభ్యంతరం చెప్పారు, కారణం చెప్పారు. ఆరాధన ముగిసేలోగా కారణం పోతే అభ్యంతరం పోయినట్టు. పోకుంటే పెళ్ళి లేదు. ఇది ఎవరి బిడ్డకైనా ఒకటే." ఉపదేశి వైపు తిరిగి, "పాట పాడండి," అన్నాడు.

అంటే ఇక నా వణుకు ఆగాలి. అది ఆగితేనే గురువారం పెళ్ళి. ఇంత విచిత్రమైన పరీక్ష ఎవరికీ వచ్చి ఉండదు. పళ్ళు బిగించాను, మెడ వణికింది. మెడ బిగించాను, నడుము వణికింది. ఉపదేశి పాడుతున్నాడు. ఆడవాళ్ళు సగం మంది పాడటం మానేసి నా చుట్టూ చేరారు. ఒకామె పక్కింట్లోంచి మూకుడులో నిప్పులు తెచ్చింది. ఇంకొకామె వేడి గంజిలో ఉప్పు వేసుకుని తెచ్చింది. ముసలామె తన దుప్పటి తీసి నన్ను చుట్టి, నా రెండు చేతులూ తన చంకల్లో పెట్టుకుని, నాకు ఎదురుగా కూర్చుంది. అంత దగ్గరగా ఆమె మొహం అప్పుడే చూశాను.

"తాగు. బిగబట్టబాక, వదులు. బిగబడితే జాస్తి అయితాది," అంది. నా మెడ దగ్గర చెయ్యి పెట్టి ఏదో లాగింది. దినపత్రిక. "ఇదేంది మే, కాయితాలు కట్టుకోనొచ్చినావా? మీ ఇంట్లో గుడ్డల్లేవా?"

నాకు నవ్వొచ్చింది. కడుపులోంచి వచ్చింది. గంజి పొలమారింది. నవ్వీ దగ్గీ ఆపుకునేసరికి వొళ్ళు వదులైంది. ఎప్పుడు ఆగిందో చెప్పలేను. ఇట్లాంటివి గుర్తుంచుకునే మనిషినే, అది మాత్రం తెలియలేదు. పాట చివరి చరణంలో ముసలామె నా చేతులు తీసి, వేళ్ళు చాపించి, గాలిలో పట్టి చూసింది. అందరూ చూశారు. వేళ్ళు నిలకడగా ఉన్నాయి.

"పోయింది అయ్యగారూ," అంది. "నాకింకేం లేదు."

నాయన రైతు వైపు చూశాడు. "నీకు?"

రైతు నా వేళ్ళ వైపు చూశాడు. "నాకుండేది మీ మీదే గాని పిల్ల మీద కాదు," అన్నాడు. "అదీ పోయింది," అని కూర్చున్నాడు.

నాయన మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అడిగాడు. ఒక నిమిషం ఆగాడు. ఆ నిమిషంలో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

కాలువ దాకా అతను మా వెంట వచ్చాడు. ఇసుకలో బండిని నెట్టాల్సిన చోట నెట్టాడు. నాయన ముందు నడుస్తున్నాడు. మేమిద్దరం ఎవరూ వినకుండా మాట్లాడుకోవడం అదే మొదలు.

"అస్సాంలో చలి ఇంతకన్నా ఎక్కువ," అన్నాడు.

"అక్కడ మోటారు సైకిళ్ళు ఉండాయా?"

"డాక్టరుగారికి ఒకటుంది. చలికాలంలో లేవదు. ఇద్దరు ముగ్గురు తోసుకుంటా పోతారు."

"ప్లగ్గు కాచరా?"

"కాయాలని ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు," అన్నాను. అతను అప్పుడు నన్ను చూసి నవ్విన నవ్వుకు, దుప్పటి అక్కర్లేదనిపించింది. అయినా కప్పుకునే ఉన్నాను.

తిరుగు ప్రయాణంలో ఎండ వచ్చింది. ఇందుకూరుపేట దాటాక ఈసారి చెప్పించుకోకుండానే పై గేరు వేశాను. నాయన నా చెవి దగ్గర అరుస్తున్నాడు, "టైమెంతయిందో!" అని. నేను వెనక్కి అరుస్తున్నాను, "గంట కొట్టేలోపే పోతాం!" అని. "మెల్లగా!" అని ఒకసారి, "ఇంకొంచెం తొందరగా!" అని ఇంకోసారి. ఊరు వచ్చేదాకా మేమిద్దరం అట్లా అరుచుకుంటూనే ఉన్నాం.

గంట కొడుతుండగా చేరాం. నాయన కుంటుకుంటూ లోపలికి పోయాడు. నేను అట్లాగే, ఒక్క చెప్పుతో, దుప్పటి కప్పుకుని, కిటికీ పక్కన బండి పట్టుకుని నిలబడ్డాను. లోపల పాట అయింది. నాయన లేచి మూడో ప్రకటన చదివాడు. గుడంతా ఉలిక్కిపడింది. ముందు వరుసలో పసిబిడ్డ ఒకటి ఏడుపందుకుంది. అంతసేపూ ఇంజను మోత మీదుగా నాతో అరిచి అరిచి, ఆయన గొంతు తగ్గించడం మరిచిపోయాడు. అభ్యంతరం ఉందా అని ఆయన అడిగిన ఆ అడగడానికి, ఉన్నా ఎవరూ లేచేవాళ్ళు కారు.